గుండె ఆపరేషన్ అయిన ఏడాదికి జ్వరం వస్తే ఏం చేయాలి?

వాల్వు మార్చి ఏడాది దాటింది. ఛాతీ మీద గాటు సన్నని గీతగా మిగిలింది. మనిషి మామూలు పనుల్లో పడ్డాడు. అప్పుడు సాయంత్రం వేళ ఒళ్లు వెచ్చబడడం మొదలవుతుంది. రాత్రి చెమటకు దిండు తడుస్తుంది, అన్నం సహించదు, నెల తిరిగేసరికి బట్టలు వదులవుతాయి. ఇంట్లోవాళ్లు ఎండలు ముదిరాయంటారు. వీధి చివరి డాక్టరు వైరల్ జ్వరమంటారు. ఇంకొకరు టీబీ ఏమోనని ఎక్స్‌రే రాస్తారు. ఏడాది కిందటి ఆపరేషన్ మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

దాన్ని గుర్తు చేయాల్సింది మీరే. ఆపరేషన్ థియేటర్‌లో ఒక యంత్రం నుంచి గాలిలోకి లేచిన క్రిమి నెలల తరబడి, కొందరిలో ఏళ్ల తరబడి లోపల నిద్రాణంగా ఉండి ఆ తర్వాత బయటపడిన సంఘటనలు అనేక దేశాల్లో నమోదయ్యాయి. ఇది అరుదైన జబ్బు. అరుదు కాబట్టే డాక్టర్లకు కూడా వెంటనే స్ఫురించదు, ఆలస్యమైన కొద్దీ చేతికి చిక్కదు. ఆపరేషన్‌కు వెళ్లబోయేవారు, చేయించుకున్నవారు, వారిని చూసుకునేవారు ఏ దశలో ఏం చేయాలో వరుసగా చెబుతాను.

ముందుగా ఆ యంత్రం గురించి తెలుసుకోండి

గుండెను కాసేపు ఆపి ఆపరేషన్ చేసేటప్పుడు రక్తాన్ని ఒంటి బయట తిప్పి, ప్రాణవాయువు కలిపి, తిరిగి లోపలికి పంపేది హార్ట్ లంగ్ మెషీన్. దాన్ని నడిపేవారిని పెర్ఫ్యూజనిస్టు అంటారు. దాని పక్కనే చక్రాల మీద మరో పెట్టె ఉంటుంది. దాని పేరు హీటర్ కూలర్. ఆపరేషన్ మధ్యలో రక్తాన్ని చల్లబరచడం, చివర్లో మళ్లీ వెచ్చబరచడం దాని పని. పెట్టె లోపల నీళ్ల తొట్లు ఉంటాయి. ఆ నీళ్లు గొట్టాల గుండా రక్తం వెళ్లే మార్గం పక్క నుంచి, రోగి కింద పరిచిన దుప్పటిలోంచి తిరిగి వెనక్కి వస్తాయి. రక్తానికీ ఈ నీటికీ మధ్య గోడ ఉంటుంది, రెండూ ఎక్కడా కలవవు. అందుకే చాలా ఏళ్లు ఈ పెట్టెను ఎవరూ అనుమానించలేదు.

దారి మాత్రం వేరే చోట ఉంది. తొట్టి పూర్తిగా మూసుకుని ఉండదు. నీళ్లు కలియతిరుగుతుంటే బుడగలు లేచి పగులుతాయి, కంటికి కనబడని తుంపరలు పుడతాయి. యంత్రం వేడెక్కకుండా లోపల తిరిగే ఫ్యాను వాటిని బయటికి ఊదుతుంది. థియేటర్ పైకప్పు నుంచి శుభ్రమైన గాలి తెరలా కిందికి దిగుతూ రోగిని కాపాడుతుంటుంది. ఫ్యాను గాలి ఆ తెరను చెదరగొడుతుంది. తుంపర ఒకటి తెరిచిన ఛాతీలోనో, అమర్చబోయే వాల్వు మీదనో వాలితే చాలు.

ఈ సంగతి మొదట స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో వెలుగులోకి వచ్చింది. అక్కడ గుండె ఆపరేషన్ చేయించుకున్న 6 మందిలో ఒకే రకం క్రిమి కనిపించింది. ఆపరేషన్‌కూ జబ్బు బయటపడడానికీ మధ్య ఏడాదిన్నర నుంచి మూడున్నర ఏళ్లకు పైగా గడిచింది. హీటర్ కూలర్ నీటిలో ఆ క్రిమి దొరికింది, యంత్రం నడుస్తున్నప్పుడు తీసిన గాలి నమూనాలోనూ దొరికింది. 2015లో ఆ వివరాలు ప్రచురితమయ్యాయి. ఆ క్రిమి పేరు మైకోబ్యాక్టీరియం కైమెరా. 2004లోనే దానికి విడిగా పేరు పెట్టారు. టీబీ క్రిమికి దూరపు బంధువు, మట్టిలోనూ కుళాయి నీళ్లలోనూ మామూలుగా ఉండేదే. ఆరోగ్యవంతుడికి సాధారణంగా దానివల్ల ఏమీ కాదు. దాని ఒంటికి మైనపు పొర ఉంటుంది, గొట్టాల లోపలి గోడకు పాచిలా అంటుకుపోతుంది, మామూలు క్రిమిసంహారక ద్రావణాలకు లొంగదు.

తర్వాత జన్యువులను పోల్చి చూస్తే, వేర్వేరు దేశాల రోగుల్లో దొరికిన క్రిములు చాలామటుకు ఒకే వంశానికి చెందినవని తేలింది. వేళ్లు జర్మనీలోని ఒక హీటర్ కూలర్ తయారీ కేంద్రం వైపు చూపించాయి. స్టాకర్ట్ 3టీ అనే ఆ నమూనా యంత్రాల్లో 2014 సెప్టెంబరుకు ముందు తయారైన వాటి గురించి అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా హెచ్చరించింది. 2016 అక్టోబరులో అక్కడి జబ్బుల నివారణ సంస్థ సీడీసీ ఆ దేశమంతటా ఆసుపత్రులను అప్రమత్తం చేసింది. అమెరికాలో హీటర్ కూలర్ వాడి చేసే గుండె ఆపరేషన్లు ఏటా 2,50,000కు పైనేనని, వాటిలో సుమారు 60 శాతానికి ఆ నమూనా యంత్రాలనే వాడుతున్నారని సీడీసీ అప్పట్లో చెప్పింది. ఒక్క కేసైనా బయటపడిన ఆసుపత్రుల్లో ముప్పు 100 మందిలో ఒకరి నుంచి 1,000 మందిలో ఒకరి వరకు ఉండవచ్చన్నది సీడీసీ అంచనా.

ఈ అంకెలు చూసి ఆపరేషన్ వాయిదా వేసుకోకండి. బిగుసుకుపోయిన వాల్వుతో ఆయాసపడుతూ రోజులు నెట్టడం వల్ల వచ్చే ప్రమాదం దీనికంటే ఎన్నో రెట్లు పెద్దది. చిన్నప్పటి కీళ్లవాత జ్వరం వల్ల వాల్వు పాడైనవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో ఉన్నారు, వారిలో చాలామందికి ఆపరేషనే దారి. భయం వద్దు, జాగ్రత్త కావాలి.

మీరు ఏ వరుసలో ఉన్నారో చూసుకోండి

బీరువాలోంచి డిశ్చార్జి సమ్మరీ తీయండి. అందులో మూడు సంగతులు వెతకండి. ఒకటి ఆపరేషన్ తేదీ. రెండు, హార్ట్ లంగ్ మెషీన్ వాడారా లేదా అన్నది. సీపీబీ అనో, ఆన్ పంప్ అనో రాసి ఉంటే వాడినట్టే. మూడు, లోపల ఏమైనా అమర్చారా అన్నది. లోహపు వాల్వు, జంతు కణజాలపు వాల్వు, బృహద్ధమని స్థానంలో కృత్రిమ గొట్టం, రంధ్రానికి వేసిన ప్యాచ్, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఇలా అమర్చినవారికే ఈ క్రిమి ముప్పు ఎక్కువ, ఎందుకంటే పరాయి వస్తువు మీద అది సులువుగా పట్టు దొరకబుచ్చుకుంటుంది. మూసుకుపోయిన గుండె రక్తనాళాలకు బైపాస్ మాత్రమే చేయించుకున్నవారికి ముప్పు తక్కువ. కాలి రక్తనాళం గుండా స్టెంటు వేయించుకున్నవారికి ఈ యంత్రంతో పనే పడలేదు, వారు ఈ విషయంలో నిశ్చింతగా ఉండవచ్చు.

సమ్మరీ పోయి ఉంటే ఆసుపత్రి రికార్డుల విభాగంలో దరఖాస్తు ఇచ్చి నకలు తీసుకోండి. ఆరోగ్యశ్రీలో చేయించుకున్నవారు కార్డు నంబరూ ఆపరేషన్ తేదీ పట్టుకెళ్తే వెతకడం తేలిక. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉండే మన పిల్లలు తల్లిదండ్రులకు అక్కడ ఆపరేషన్ చేయించి వెనక్కి పంపి ఉంటే, అక్కడి ఆసుపత్రి నుంచి ఈ క్రిమి గురించి ఉత్తరం ఏమైనా వచ్చిందేమో పాత చిరునామాలో ఆరా తీయండి. ఆ దేశాల్లో చాలా ఆసుపత్రులు రోగులకు అలాంటి ఉత్తరాలు రాశాయి.

ఆపరేషన్ ఇంకా కాకపోతే, ఇవి అడగండి

సర్జన్‌ను అడగడానికి మొహమాటపడకండి. తప్పు పట్టినట్టు కాకుండా తెలుసుకోవడానికి అడిగినట్టుగా, ఇలా అనండి: "డాక్టరుగారూ, హీటర్ కూలర్ నీళ్ల నుంచి ఇన్ఫెక్షన్ వచ్చిందని చదివాం. మీ దగ్గర ఆ యంత్రాన్ని ఎలా చూసుకుంటారు?" సూటిగా జవాబు చెప్పే ఆసుపత్రి మీద నమ్మకం పెరుగుతుంది. పెర్ఫ్యూజనిస్టుతో ఐదు నిమిషాలు మాట్లాడే వీలు కల్పించమని కూడా కోరవచ్చు, అసలు వివరం వారి దగ్గరే ఉంటుంది.

యంత్రం ఎక్కడ పెడతారన్నది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. థియేటర్ బయట పెట్టి గొట్టాలు మాత్రం గోడలోంచి లోపలికి తెచ్చుకునే ఏర్పాటు ఉంటే ఎంతో మేలు. లోపలే ఉంటే, ఫ్యాను గాలి బయటికి వచ్చే వైపు ఆపరేషన్ బల్ల వైపు తిరగకుండా ఉండాలి, వీలైనంత దూరంగా ఉండాలి. తర్వాత, తొట్టిలో ఏ నీళ్లు పోస్తారో అడగండి. కుళాయి నీళ్లు వాడకూడదు. స్టెరైల్ నీళ్లు గానీ, 0.22 మైక్రాన్ల ఫిల్టరులో వడకట్టిన నీళ్లు గానీ పోయాలని ఎఫ్‌డీఏ సూచన. అయాన్లు తీసేసిన నీళ్లు లోపలి లోహాన్ని తినేస్తాయి కాబట్టి వాటినీ వద్దంది. చివరగా, శుభ్రం చేసిన తేదీలు పుస్తకంలో రాస్తారా అని అడగండి. ఆ రిజిస్టరు మీకు చూపించాల్సిన అవసరం వారికి లేదు. కానీ "రాస్తాం, ఇన్ని రోజులకోసారి చేస్తాం" అన్న జవాబు తడుముకోకుండా రావాలి.

మీ వైపు చేయాల్సినవి కూడా ఉన్నాయి, ఇవి ఈ క్రిమికంటే మామూలు ఇన్ఫెక్షన్ల కోసం. షుగరు అదుపులోకి తెచ్చుకోండి. పుచ్చిన పళ్లు ముందే చూపించుకోండి. ఛాతీ మీద వెంట్రుకలు ఇంట్లో రేజరుతో గీసుకోకండి, సన్నని గాట్లలో క్రిములు చేరతాయి. ఆ పని ఆసుపత్రిలో క్లిప్పరుతో చేస్తారు.

ఇంటికి వచ్చాక ఒక నోటుపుస్తకం పెట్టండి

మొదటి నెల రెండు నెలలు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. గాయం ఎర్రబడడం, చీము, ఛాతీ ఎముక దగ్గర కదులుతున్నట్టు అనిపించడం, వీటికి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తుతారు. మీ నోటుపుస్తకం అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ఈ జబ్బు మూడు నెలలకు బయటపడినవారున్నారు, ఐదారేళ్లకు బయటపడినవారూ ఉన్నారు. సగటున ఏడాదిన్నర అటూ ఇటూ.

మా అత్తయ్యకు మైట్రల్ వాల్వు మార్చినప్పుడు నేను పెట్టింది పాలలెక్క రాసుకునే చిన్న పుస్తకం. వంటింట్లో ఫ్రిజ్ పక్కన మేకుకు దారంతో కట్టి వేలాడదీశాను, పక్కనే థర్మామీటరు. ఎడమ పేజీలో ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే పరీక్ష) తేదీలు, ఎసిట్రామ్ (రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర) మోతాదు. కుడి పేజీలో జ్వరం వచ్చిన రోజు, వేళ, ఎంత డిగ్రీలు, పారాసిటమాల్ వేసే ముందా తర్వాతా. నెలకోసారి బరువు. ఇంతకు మించి అక్కర్లేదు. కానీ పారాసిటమాల్ వేసే ముందు డిగ్రీలు చూడడం మరిచిపోకండి. మాత్ర వేశాక చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది.

ఏం గమనించాలంటే: వారం దాటినా తగ్గని జ్వరం, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చే జ్వరం, బట్టలు మార్చుకోవాల్సినంత రాత్రి చెమటలు, కారణం లేకుండా తగ్గే బరువు, కండరాల నొప్పులు, కీళ్ల నొప్పులు, మెట్టెక్కితే కొత్తగా వచ్చిన ఆయాసం, పాత గాయం దగ్గర వేడి, ఎరుపు, చీము. నీరసం ఒక్కటే కూడా కావచ్చు. "ఆపరేషన్ అయ్యాక మనిషి తేరుకుని, మళ్లీ వెనక్కి వెళ్తున్నట్టుంది" అని ఇంట్లోవాళ్లకు అనిపిస్తే ఆ మాటను కొట్టిపారేయకండి. పసిపిల్లలకు గుండె ఆపరేషన్ అయి ఉంటే వాళ్లు నొప్పి చెప్పలేరు. పదే పదే జ్వరం, బరువు పెరగకపోవడం, ఈ రెండే వాళ్ల భాష.

వణుకుతో పెద్ద జ్వరం వచ్చినా, ఊపిరి అందకపోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి పట్టు తప్పినా నోటుపుస్తకం పక్కన పెట్టి అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి వెళ్లండి. అది ఏ క్రిమి వల్లయినా కావచ్చు, వేచి చూసే సమయం మాత్రం కాదు.

యాంటీబయాటిక్ మింగే ముందు రక్తం ఇవ్వండి

అత్తయ్యకు 11వ నెలలో జ్వరం వచ్చింది. మూడో రోజున ఒక నర్సింగ్‌హోమ్‌లో ఇంజెక్షన్ రూపంలో యాంటీబయాటిక్ ఇచ్చారు, నేనూ అడ్డు చెప్పలేదు. ఐదో రోజున గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన మొదట అడిగింది, "బ్లడ్ కల్చర్ తీశారా అమ్మా?" అని. రక్తాన్ని సీసాలో ఉంచి క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్ష అది. తీయలేదు. ఆ తర్వాత తీస్తే ఏమీ పెరగలేదు. నిజంగా క్రిమి లేకనా, మందు దాన్ని అణిచిపెట్టడం వల్లనా అన్నది ఎవరూ చెప్పలేకపోయారు. మూడు వారాలు ఆ సందేహంతోనే గడిపాం. చివరికి మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలి తగ్గింది. ముందే రెండు సీసాల రక్తం తీసి ఉంటే ఆ మూడు వారాల నిద్రలేమి తప్పేది.

కాబట్టి లోపల వాల్వు ఉన్న మనిషికి కారణం తెలియని జ్వరం వస్తే, యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు బ్లడ్ కల్చర్ తీయించండి. వేర్వేరు చోట్ల గుచ్చి కనీసం మూడు విడతలు తీయడం మంచి పద్ధతి. చిన్న క్లినిక్‌లో ఆ వసతి లేకపోతే అది ఉన్న చోటికి ఆ రోజే వెళ్లండి.

డాక్టరు ముందు కూర్చున్నాక మొదటి వాక్యం ఇదే కావాలి: "నాకు ఫలానా నెలలో, హార్ట్ లంగ్ మెషీన్ మీద పెట్టి వాల్వు మార్చారు." జ్వరం సంగతి రెండో వాక్యం. ఈ వరుస తారుమారైతే ఆపరేషన్ సంగతి చీటీలో ఎక్కదు, ఎక్కకపోతే ఆలోచనలోనూ ఉండదు.

మామూలు కల్చర్‌లో ఏమీ రాకపోతే, అక్కడితో ఆగకండి

మామూలు బ్లడ్ కల్చర్‌ను సాధారణంగా ఐదు రోజులు చూసి 'పెరుగుదల లేదు' అని రిపోర్టు ఇస్తారు. కైమెరా నత్తనడక క్రిమి. ఐదు రోజుల్లో అది కనిపించదు. దానికి మైకోబ్యాక్టీరియా కోసం విడిగా ఉండే సీసాలో రక్తం తీసి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచాలి. డాక్టరుగారిని అడగాల్సిన మాట ఇది: "మైకోబ్యాక్టీరియా బ్లడ్ కల్చర్ కూడా పంపగలరా?" ఒకసారి రాకపోతే మళ్లీ పంపాల్సి రావచ్చు. గాయం నుంచో, ఎముక మజ్జ నుంచో, తీసేసిన వాల్వు నుంచో ముక్క పంపాల్సి రావచ్చు. జ్యూరిచ్‌లో, తర్వాత ఇతర చోట్ల కనుపాప పెద్దది చేసి కంటి లోపల చూస్తే కొందరు రోగుల్లో వెనక పొర మీద చిన్న చిన్న పాలిపోయిన మచ్చలు కనిపించాయి. కంటి డాక్టరు పరీక్ష నొప్పి లేనిది, ఖర్చు తక్కువ, అనుమానం ఉన్నప్పుడు తప్పక చేయించండి. రక్తహీనత, ప్లేట్‌లెట్లు తగ్గడం, ప్లీహం ఉబ్బడం, కాలేయం, కిడ్నీ పరీక్షల్లో తేడాలు కూడా ఈ జబ్బులో కనిపిస్తాయి. ఇవన్నీ కలిపి చూసి సార్కాయిడోసిస్ (ఇన్ఫెక్షన్ కాని ఒక వాపు జబ్బు) అనుకుని స్టెరాయిడ్లు ఇచ్చిన సందర్భాలు విదేశాల్లో ఉన్నాయి. స్టెరాయిడ్లతో క్రిమికి దారి ఇంకా సులువవుతుంది.

మన దగ్గర దారి తప్పే చోటు ఇంకొకటి ఉంది, అది టీబీ. లక్షణాలు అచ్చంగా అవే. సూక్ష్మదర్శినిలో ఈ క్రిమి కూడా టీబీ క్రిమిలాగే ఎర్రని పుల్లలా కనిపిస్తుంది, రిపోర్టులో ఏఎఫ్‌బీ పాజిటివ్ అని వస్తుంది. టీబీ ఎక్కువగా ఉన్న దేశంలో అది చూడగానే టీబీ అనుకోవడం సహజం. కానీ సీబీనాట్ పరీక్ష టీబీ కుటుంబాన్నే పడుతుంది, కైమెరాను పట్టదు. ఏఎఫ్‌బీ పాజిటివ్, సీబీనాట్ నెగటివ్ అని రెండూ ఒకే రోగికి వస్తే, ఆ తేడాను వేలు పెట్టి చూపించి, "ఇది టీబీ కాని మైకోబ్యాక్టీరియా కావచ్చా? ఏ జాతో తేల్చడానికి కల్చర్ పంపుదామా?" అని అడగండి. జాతి తేల్చాక కూడా కొన్ని ల్యాబులు ఏవియం కాంప్లెక్స్ అనో ఇంట్రాసెల్యులేర్ అనో రాసి వదిలేస్తాయి. కైమెరా ఆ గుంపులోదే. గుండె ఆపరేషన్ అయిన మనిషి రక్తంలో ఆ పేరు కనిపిస్తే మరింత లోతుగా పరీక్షించమని కోరాలి.

జబ్బు తేలితే

ఇది ఒకరి నుంచి మరొకరికి అంటదు. ఇంట్లో గ్లాసులు, పక్కలు వేరు చేయనక్కర్లేదు. మనవడిని ఎత్తుకోవచ్చు. ఈ మాట రోగికి మొదటి రోజే చెప్పండి, చాలామంది అడగలేక లోపల కుమిలిపోతారు.

చికిత్స మాత్రం సుదీర్ఘం. సామాన్యంగా క్లారిత్రోమైసిన్ లేదా అజిత్రోమైసిన్, ఎథాంబుటాల్, రిఫాంపిసిన్ కలిపి ఏడాదికి పైగా వాడతారు, మొదట్లో అమికాసిన్ ఇంజెక్షన్లు కూడా. చాలామందికి క్రిమి పట్టిన వాల్వును మళ్లీ ఆపరేషన్ చేసి తీసేయాల్సి వస్తుంది. ఇంత చేసినా, నమోదైన రోగుల్లో దాదాపు సగం మంది బతకలేదు. ఆలస్యంగా గుర్తించడం అందుకు ఒక పెద్ద కారణం. గుండె డాక్టరు ఒక్కరే కాకుండా ఇన్ఫెక్షన్ల నిపుణుడు కూడా కలిసి చూసే చోటికి వెళ్లండి.

ఆసుపత్రికి తెలియజేయండి. ఆపరేషన్ చేసిన చోట ఇంకెందరికి అదే యంత్రం వాడారో వారికే తెలుస్తుంది. మన దేశంలో వైద్య పరికరాల వల్ల కలిగిన హాని నమోదు చేసుకోవడానికి 2015 నుంచి మెటీరియోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఉంది, ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని చూస్తుంది. రోగి గానీ బంధువు గానీ ఫిర్యాదు పంపవచ్చు. అమెరికాలో అయితే మెడ్‌వాచ్‌కు, బ్రిటన్‌లో అయితే యెల్లో కార్డుకు పంపాలి.

ఇక ఐఎన్ఆర్ సంగతి. లోహపు వాల్వు ఉన్నవారు ఎసిట్రామ్ లేదా వార్ఫరిన్ వాడుతుంటారు. రిఫాంపిసిన్ మొదలైన కొద్ది రోజులకే ఆ మందు పనితనం బాగా తగ్గిపోతుంది, ఐఎన్ఆర్ పడిపోతుంది, వాల్వు మీద గడ్డ కట్టే ప్రమాదం ముంచుకొస్తుంది. టీబీకి మందులు వాడినా ఇదే జరుగుతుంది, అందులోనూ రిఫాంపిసిన్ ఉంటుంది. క్లారిత్రోమైసిన్ అందుకు ఎదురు, అది ఐఎన్ఆర్‌ను పెంచుతుంది. కాబట్టి మందులు మొదలుపెట్టిన రోజునే గుండె డాక్టరుకు ఫోను చేసి, ఐఎన్ఆర్ ఎన్ని రోజులకోసారి చూడాలో అడిగి నోటుపుస్తకం ఎడమ పేజీలో రాసుకోండి. చికిత్స పూర్తయి రిఫాంపిసిన్ ఆపేసిన రోజున మళ్లీ ఫోను చేయండి. దాని ప్రభావం రెండు మూడు వారాల్లో మెల్లగా దిగిపోతుంది, అప్పటికి పెంచి ఉంచిన ఎసిట్రామ్ మోతాదు తగ్గించకపోతే ఈసారి రక్తస్రావం అవుతుంది.